అందరికీ లివరు స్కానింగు అవసరమా?

ఈసారి మన సంఘం ఆరోగ్య శిబిరంలో వచ్చినవారందరికీ పొట్ట స్కానింగు చేయించి, లివరు క్యాన్సరును ముందే పట్టుకోవాలని గాంధీనగర్ సభ్యులు కొందరు ప్రతిపాదించారు. ఉద్దేశం మంచిదే, విరాళాలూ వస్తాయి. అయితే నేను చదివింది కామర్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. పెట్టే రూపాయికి ఫలితమెంత అని అడగటం మా వృత్తి జబ్బు. అందుకే ఇటువంటి పరీక్షలు ఏ దేశంలో ఏం సాధించాయో చదివి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

లివరు క్యాన్సరు సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న కాలేయం మీద ఉన్నట్టుండి వచ్చి పడదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, ఈ మధ్య షుగరుతో కలిసి వచ్చే కొవ్వు ఏళ్ళ తరబడి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అది గట్టిపడి ముడుచుకుపోవడాన్ని డాక్టర్లు సిర్రోసిస్ అంటారు. గడ్డ పుట్టేది ఎక్కువగా అక్కడే. బి వైరస్ ఉంటే మాత్రం సిర్రోసిస్ లేకుండానూ రావచ్చు. ఇలాంటి ముప్పు ఏదీ లేని రెండు వందల మందిని స్కానింగు బల్లమీద పడుకోబెడితే క్యాన్సరు దొరకడం దాదాపు కల్ల. పిత్తాశయంలో రాళ్ళు, కాలేయంలో కొవ్వు బయటపడి ఇంటిల్లిపాదికీ నిద్ర కరువవుతుంది. పైగా గడ్డ నాలుగు నుంచి ఆరు నెలల్లో రెట్టింపు కావచ్చు. ఈవేళ 'బాగుంది' అన్న కాగితం వచ్చే ఏడాదికి పూచీ కాదు.

చైనాలో జరిగిన రెండు ప్రయోగాలు ఇక్కడ చెప్పుకోవాలి. చిడోంగ్‌లో బి వైరస్ ఉన్న 5,581 మంది పురుషుల్లో ఒక వర్గానికి ఆరు నెలలకోసారి ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష చేశారు. క్యాన్సర్లు ముందుగానే దొరికాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. మా భాషలో చెప్పాలంటే మొండి బాకీని ముందే గుర్తించడం వేరు, వసూలు చేయడం వేరు! షాంఘైలో 18,816 మందితో చేసిన ప్రయోగంలో రక్తపరీక్షతో పాటు స్కానింగు కూడా పెట్టారు. 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం పరీక్షలకు పిలిచిన వర్గంలో లివరు క్యాన్సరు మరణాలు 37 శాతం తగ్గాయి. ఆ ప్రయోగం తీరుపై నిపుణుల విమర్శలున్నాయి గానీ, ఒక్క సంగతి గమనించాలి. అక్కడ పిలిచింది ఊరందరినీ కాదు, బి వైరస్ సోకినవారిని, దీర్ఘకాలం హెపటైటిస్ ఉన్నవారిని.

దక్షిణ కొరియా 2003లో జాతీయ క్యాన్సరు పరీక్షల్లో కాలేయాన్ని చేర్చినప్పుడూ, నలభై దాటినవారిలో ముప్పు ఉన్నవారినే ఎంచుకుంది. జపాను 2002 నుంచి ముందు వైరస్‌ను వెతికే పని పెట్టుకుంది. మన దేశంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు జాతీయ పరీక్షలున్నాయి, లివరుకు లేవు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి వైరస్‌లకు పరీక్షా మందులూ ఉచితం. చిక్కేమిటంటే, వైరస్ ఉన్నవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మన ఇళ్ళల్లో కామెర్లొస్తే పసరు పోయించి, కళ్ళు తెల్లబడగానే మరిచిపోవడం అలవాటు. పసుపు పోయినా కొందరిలో బి, సి వైరస్‌లు లోపలే ఉండిపోతాయి.

అన్నిటికన్నా గట్టి కాపలా టీకాయే. తైవాన్ 1984లో పసిపిల్లలకు బి టీకా మొదలుపెట్టింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్లో లివరు క్యాన్సరు లక్షకు 0.70 నుంచి పదేళ్ళలో 0.36కు దిగింది. విదేశీ టీకా డోసు వందల రూపాయలు పలికే రోజుల్లో, 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే దాన్ని తయారుచేసి చవకగా అందించింది. సంస్థాపకులు వరప్రసాద్ రెడ్డిగారు నెల్లూరు జిల్లావారు కావడం మనకు గర్వకారణం. అయితే ఆ టీకా దేశమంతటా పిల్లలకు ప్రభుత్వపరంగా అందింది 2011లోనే. మన తరంలో పసితనాన ఎవరూ వేయించుకోలేదు.

కనుక నా సూచన స్కానింగు బదులు హెపటైటిస్ రక్తపరీక్ష. వైరస్ లేదని తేలినవారికి బి టీకా. ఉన్నదని తేలినవారిని ఆసుపత్రికి పంపాలి, ఆరునెలల స్కానింగు ఎవరికి కావాలో అక్కడి డాక్టర్లు చూస్తారు. ఫలితం మాత్రం ఎవరిది వారి చేతికే, కవరులో. మన కాలనీ చిన్నది, మాట బయటికొస్తే పెళ్ళి సంబంధాలు చెడతాయి. ఒకే పంక్తిలో కూర్చుని తిన్నంత మాత్రాన ఈ వైరస్‌లు అంటుకోవని ఎంత చెప్పినా వినరు.

షాంఘైలోనే పిలిచినన్నిసార్లూ అందరూ రాలేదు, హాజరు 58 శాతం. అందుకని ఆసుపత్రికి పంపినవారికి ఆరునెలలకోసారి ఫోనుచేసి గుర్తుచేసేందుకు, గుట్టు దాచగల ఇద్దరు సభ్యులు కావాలి. వాళ్ళెవరో తేలాకే కార్యవర్గం శిబిరం తేదీ వేస్తే బాగుంటుంది.