చనువు నమ్ము అంగడి

వాత్స్యాయనుడు కామసూత్రముల ఆరంభమున ఒక చిన్న సంగతి చెప్పి ముందునకు సాగిపోవును. పాటలీపుత్రమునందలి గణికలు కోరగా దత్తకుడనువాడు వైశికాధికరణమును వేఱుగా రచించెనట. వలపించుటయే జీవికగా గలవారి కొఱకు, వారి ప్రార్థన మీద, ఒక పండితుడు శాస్త్రము వ్రాసెనన్నమాట. కనుక ఈ సరకు క్రొత్తది కాదు. రోమునందు ఓవిడ్ మహాకవి సుమారు రెండువేల యేండ్ల క్రిందట ‘ఆర్స్ అమటోరియా’ యను కావ్యమును మూడు భాగములుగా వెలయించెను. మొదటి రెండు భాగములు పురుషులకు, మూడవది స్త్రీలకు. ఒక పక్షమునకు ఆయుధములిచ్చి రెండవ పక్షమును వట్టిచేతులతో నిలుపుట ధర్మము కాదని ఆ కవికి తోచినది. క్రీ.శ. 8లో అగస్టస్ చక్రవర్తి యతనిని నల్లసముద్ర తీరమునకు వెడలగొట్టుటకు ఆ కావ్యమును ఒక కారణమైనది. ఇప్పుడు పడమటి నగరములలో పురుషులకు వలపువిద్య గఱపు ఆచార్యులు ఓవిడ్ ఉపాయములను గ్రహించిరి గాని, ఆ మూడవ భాగమును మాత్రము విడిచిపెట్టిరి.

ఈ నవీన శాఖ అమెరికాలో పుట్టినది. 1970లో ఎరిక్ వెబర్ అనునాతడు అపరిచితలైన యువతులతో పరిచయము సంపాదించుట యెట్లో తెలుపు పుస్తకమొకటి ప్రకటించెను. అతని వృత్తి వ్యాపార ప్రకటనలు వ్రాయుట. సరకును వర్ణించి అమ్మించువాడే ఈ శాఖ తొలి గ్రంథకర్తలలో నొకడగుట గమనింపదగినది. తరువాత 1980ల చివర లాస్ ఏంజిలిస్‌లో రాస్ జెఫ్రీస్ అనునాతడు మాటల పొందికతో మనసును వశపఱచు పద్ధతి యని చెప్పి శిక్షణ లమ్మసాగెను. ఆవల ‘మిస్టరీ’ యను మాఱుపేరుతో కెనడా దేశపు ఇంద్రజాలికుడొకడు బయలుదేఱెను. గారడీవానికి ప్రేక్షకుని చూపు నెటు త్రిప్పవలయునో తెలియును గదా! నీల్ స్ట్రాస్ అను సంగీత విలేఖరి 500 డాలర్లు చెల్లించి అతని శిష్యుడై, తన అనుభవములను 2005లో ‘ద గేమ్’ అను పేర పుస్తకముగా వెలువరించెను. 2007లో మిస్టరీ టెలివిజన్‌లోనే పాఠములు చెప్పెను. వీథులలోని విద్య దానితో ఇంటింటికి చేరినది.

ఆ పాఠముల తీరు వినదగినది. వారాంతమున కొలదిమంది శిష్యులు ఒకచోట గుమిగూడుదురు. పగలు ఉపన్యాసము, రాత్రి నృత్యశాలలలో అభ్యాసము. కొన్నిచోట్ల పట్టపగలు నడివీథిలోనే అభ్యాసము. స్త్రీ కనబడిన 3 సెకండ్లలో పలుకరింపవలెనని ఒక నియమము. ఆలోచించినచో భయము పుట్టునట. వింత టోపీలు, మెఱయు దుస్తులు ధరించి పదిమందిలో ప్రత్యేకముగా కనబడుటకు నెమలి పురివిప్పుటతో పోల్చిన పేరు పెట్టిరి. పొగడ్తయు కాని, తిట్టును కాని యొక మాటను విసరి ఆమె ఆత్మవిశ్వాసమును కొంచెము తగ్గించుట మఱియొక ఉపాయము. ఈ పరిభాషలో స్త్రీ ‘లక్ష్యము’, తోడు వచ్చిన మిత్రుడు ‘ఱెక్క’. ఆమె యందమునకు పదింటికి ఇన్ని యని మార్కులు. పరీక్షాపత్రము దిద్దిన ఉపాధ్యాయుడెవడైనను మార్కు వేయుటకు ముందు విద్యార్థి యేమి వ్రాసెనో చదువును. ఇచ్చట చదువుట లేదు, వేయుటయే.

ఇంతమాత్రమున ఆ శిష్యులందఱు దుర్మార్గులని తలచుట తొందరపాటు. రేచెల్ ఓనీల్ అను సమాజశాస్త్రజ్ఞురాలు లండన్‌లో ఈ శిక్షణములను దగ్గఱనుండి పరిశీలించి, గురువులతోను శిష్యులతోను మాటలాడి 2018లో ‘సెడక్షన్’ అను గ్రంథమును ప్రకటించెను. ఆమె చూచిన వారు వికృత జీవులు కారు, చాలమట్టుకు ఉద్యోగములు చేసికొనుచున్న సామాన్య యువకులు. శ్రమించుము, నిన్ను నీవు మెఱుగుపఱచుకొనుము, పెట్టుబడికి తగిన ఫలము పొందుము అని కార్యాలయములలో నిత్యము వినబడు మాటయే వారి అంతరంగ జీవితములోనికిని ప్రవేశించినదని ఆమె సిద్ధాంతము. ఈ వర్తకమును సమాజపు వెలివాడగా గాక, సమాజపు అద్దముగా చూడవలెనని ఆమె వాదము. ఈ మాట సత్యమునకు సమీపముగ నున్నది. బిడియము ఒక లోపమని, ఒంటరితనము అసమర్థతయని, పురుషుడనగా ఓటమి నెఱుగనివాడని బాలుని చెవిలో చిన్ననాటనే పోసిన పిమ్మట, ఆ లోపమునకు మందు అమ్మువాడు రాకుండునా?

అయితే మందులో విషమున్నది. స్త్రీ ‘వద్దు’ అన్నచో దానిని ఆమె నిర్ణయముగా స్వీకరింపక, దాటవలసిన కట్టకడపటి అడ్డంకిగా లెక్కించి, దాటు ఉపాయములను బోధించుట ఈ శాస్త్రములోని భాగమైనది. మన లాక్షణికులు శృంగార నాయకులను అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు అని నాలుగు తెఱగులుగా విభజించిరి. పైకి ప్రియము నటించి చాటున వంచించువాడు శఠుడు. లక్షణ గ్రంథము అతనిని గుర్తించి పేరు పెట్టినది గాని, శఠుడగుటకు రుసుము తీసికొని తరగతులు నడుపలేదు. 2014లో జూలియన్ బ్లాంక్ అను శిక్షకుడు స్త్రీల మెడలు పట్టుకొనిన చిత్రములను, టోక్యోలో స్త్రీల తలలను బలిమితో తనవైపు లాగుకొను దృశ్యములను ప్రచారము చేయగా లోకము మండిపడెను. ఆ నవంబరు నెలలోనే ఆస్ట్రేలియా అతని వీసాను రద్దుచేసెను, బ్రిటన్ ప్రవేశము నిరాకరించెను.

తెలుగున ‘చనువు’ అను మాట యొకటి కలదు. చనువిచ్చుట వేఱు, చనువు తీసికొనుట వేఱు. మొదటిది మన్నన, రెండవది అపరాధము. చనువిచ్చిన చంకనెక్కెనను సామెతలోని తప్పంతయు ఎక్కినవానిదే. ఒకరు ఇచ్చినగాని రెండవవారికి లేని వస్తువది. వాత్స్యాయనుడంతటివాడును కన్యావిస్రంభణ ప్రకరణములో, పెండ్లియాడిన భార్య యెడల సయితము తొలి మూడు రాత్రులు నిగ్రహము పాటింపుమనియు, తొందరపడినచో ఆమెకు పురుషజాతిపైననే ఏవగింపు కలుగుననియు భర్తను హెచ్చరించెను. విస్రంభమనగా నమ్మకము. సాన్నిహిత్యమునకును అదే పేరు. వారాంతపు శిక్షణములో నేర్పునది తీసికొను విధము. ఇచ్చుటను గూర్చిన పాఠ మందు లేదు. తన భయమును, తన ఓటమిని ఇంకొకరి యెదుట విప్పి చెప్పగల పురుషునికి ఆ పాఠ్యక్రమములో స్థానము లేదు.

డబ్బు పోసి, ఉపాయములు వల్లించి, ఫలము కానక మఱలివచ్చిన వారిలో కొందఱు గురువులపై కోపగించిరి. మఱికొందఱి కోపము స్త్రీలపైకి మళ్ళెను. ఈ విద్యను ద్వేషించువారి కూటమి యొకటి కొన్నాళ్ళు నడచినది. అందు వ్రాయుచుండిన 22 ఏండ్ల యువకుడు 2014 మే 23న కాలిఫోర్నియాలోని ఐలా విస్టాలో ఆరుగురిని చంపి, తానును ప్రాణము తీసికొనెను. స్త్రీలు తన్ను తిరస్కరించిరను ద్వేషమునే అతడు కారణముగా వ్రాసిపెట్టెను. ఆ ఘాతుకమునకు శిక్షకులను బాధ్యులనుట సాహసము. కాని స్త్రీ తనకు అప్పుపడినదను భావము రెండు చోట్లను ఒక్కటే.

స్ట్రాస్ కథను శిష్యులు సగమే చదివిరేమో యనిపించును. పుస్తకము చివర అతడు మనసిచ్చిన గిటారు వాద్యకారిణి యెదుట అతని ఉపాయములేవియు పనిచేయవు. 2015లో ఆతడే తన చపలత్వమునకు చికిత్స పొందిన వృత్తాంతమును ‘ద ట్రూత్’ అను మఱియొక పుస్తకముగా వ్రాసెను. అంతదూర మేల? ‘ద గేమ్’ మొదటి ప్రకరణమే చూడవచ్చును. హాలీవుడ్ కొండలలో ఆచార్యులును శిష్యులును కలసి అద్దెకు తీసికొనిన పెద్ద భవనము. సామానులు చిందరవందరగా పడియున్నవి. ఎల్లరకును స్త్రీల మనసు గెలుచు మార్గము నేర్పిన మిస్టరీ, ఒక స్త్రీ విడిచిపోయెనను దుఃఖముతో చావు గోరి విలపించుచుండగా, శిష్యుడు అతనిని మానసిక చికిత్సాలయమునకు తీసికొనిపోవును.