పాత ఆంప్లిఫయరు: కొనుటకు ముందు ఒక పరీక్ష

పాఠశాల వార్షికోత్సవమునకో, సంగీతము వినుటకో పాత ఆంప్లిఫయరును చౌకగా కొనువారు అనేకులు కలరు. అమ్మువాడు ఒక పాట వినిపించును. పాట బాగుగా ఉన్నచో బేరము కుదురును. కాని చెవికి అందని లోపమొకటి కలదు. అది ఆంప్లిఫయరుతో ఆగక, దానికి తగిలించిన స్పీకరును కూడ మాడ్చివేయగలదు.

స్పీకరులో శబ్దమును పుట్టించునది అయస్కాంతము నడుమనున్న సన్నని తీగచుట్ట. ఏకాంతర విద్యుత్తు దిశ మారుచుండుటచే చుట్ట ముందునకు, వెనుకకు కదలి గాలిని కంపింపజేయును. ఏకముఖ విద్యుత్తు చుట్టను ఒకే వైపునకు నెట్టి ఉంచును. అప్పుడు శబ్దము పుట్టదు. వ్యయమగు శక్తి అంతయు వేడిగా మారును.

అనేక ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులకు ధన, ఋణ సరఫరాలు రెండు ఉండును. అవి +30, -30 వోల్టులనుకొందము. ఈ రెండింటి నడుమ సమతౌల్యము ఉన్నంతకాలము స్పీకరు వద్ద ఏకముఖ వోల్టేజి దాదాపు సున్న. చివరి ట్రాన్సిస్టరు ఒకటి లోపల షార్టయినచో 30 వోల్టులు నేరుగా స్పీకరుపై పడును. చుట్ట నిరోధము 6 ఓములైనచో ప్రవాహము 5 ఆంపియరులు, వేడిగా మారు సామర్థ్యము 150 వాట్టులు! సాధారణ స్పీకరు దీనికి ఎంతోసేపు ఓర్వజాలదు. సమతౌల్యము కొద్దిగా మాత్రమే తప్పినప్పుడు పాట మామూలుగానే వినిపించును. అందుచేతనే మీటరు అవసరము.

పరీక్షించు విధము ఇది. స్పీకరు తీసివేసి, పాట ఏదియు ఇవ్వక, వాల్యూము సున్న వద్ద ఉంచి, ఆంప్లిఫయరును పది నిమిషములు నడుపవలెను. మల్టీమీటరును ఏకముఖ వోల్టేజికి అమర్చి, స్పీకరు తగిలించు రెండు టెర్మినళ్ల మధ్య కొలువవలెను. రెండు ఛానెళ్లున్నచో వేరువేరుగా చూడవలెను. 50 మిల్లీవోల్టుల లోపు ఉన్న మంచిది. 100 దాటినచో అనుమానింపవలెను. వోల్టులలోనే ఉన్నచో కొనకుండుట మేలు.

కొన్నింటిలో రక్షణకై రిలే ఉండును. స్విచ్చి వేసిన కొద్ది సెకనులకు అది 'టక్కు'మని స్పీకరును కలుపును. ఆ చప్పుడు రానిచో మీటరు సున్న చూపినను నమ్మరాదు. రిలే లోపమును కనిపెట్టి స్పీకరును కలుపక ఆపియుండవచ్చును.

వాల్వు ఆంప్లిఫయరును మాత్రము స్పీకరు లేక నడుపరాదు. దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో అధిక వోల్టేజి పుట్టి, చుట్టలు చెడిపోవచ్చును. ట్రాన్స్‌ఫార్మరు ఏకముఖ విద్యుత్తును దాటనీయదు గనుక దానికి పై పరీక్షతో పనిలేదు.

తరువాత స్పీకరు తగిలించి వినవలెను. నాబు త్రిప్పునప్పుడు గరగర శబ్దము వచ్చుట తరచు దుమ్ము వలన, శుభ్రపరచిన పోవచ్చును. వాల్యూము సున్న వద్దనున్నను 'గుయ్'మను ధ్వని గట్టిగా వచ్చుచున్నచో సరఫరాలోని కెపాసిటరులు క్షీణించి ఉండవచ్చును. మన ఇండ్లలోని 50 హెర్ట్‌జుల విద్యుత్తును ఏకముఖముగా మార్చునప్పుడు మిగిలిన 100 హెర్ట్‌జుల అలయే ఆ ధ్వని. కెపాసిటరులు మార్చు ఖర్చును ధరలో తగ్గించి అడుగవచ్చును.

మూత మాత్రము తెరువరాదు. విద్యుత్తు ఆపిన పిదపకూడ కెపాసిటరులలో ప్రమాదకరమైన ఆవేశము నిలిచియుండవచ్చును.

మీటరు ఉన్న పాఠశాలలో, ఉపాధ్యాయులు మంచి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరుపై ఈ కొలతను విద్యార్థులచే తమ సమక్షమున చేయింపవచ్చును. ఓం నియమము ఒక స్పీకరును ఎట్లు కాపాడునో వారికి అప్పుడు స్పష్టమగును.