ఎర్రమట్టి దిబ్బల దాకా సైకిలు మీద

విశాఖపట్నంలో సైకిలు తొక్కేవాడు కొండలను వెతుక్కుంటూ పోనక్కరలేదు. అవే రోడ్డు మీదికి వచ్చి పలకరిస్తాయి. తూర్పు కనుమలు సముద్రానికి ఇంత చేరువగా వచ్చి నిలబడిన పట్టణాలు మన దేశంలో ఎన్నో లేవు. కారులో పోయేవారికి ఎత్తుపల్లాలు తెలియవు. సైకిలువానికి మాత్రం ప్రతి ఎత్తూ మోకాళ్ళ చేత లెక్క చెప్పిస్తుంది.

కాలేజీలో ప్రబంధాలు చెప్పుకొనే మనిషికి ఈ వయసులో ఈ సరదా ఏమిటని మా ఇంట్లోవారే అడుగుతుంటారు. జవాబుగా ఒక మార్చి నెల ఆదివారం చేసిన ప్రయాణం చెబుతాను. నాకు తోడు వచ్చినవాడు ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే కుర్రవాడు. వారమంతా గ్రీజులో మునిగి తేలినా, ఆదివారం తెల్లవారేసరికి చెయినుకు నూనె వేసి, టైర్లకు గాలి కొట్టి సిద్ధంగా ఉంటాడు.

ఆటోనగర్ షెడ్లు తలుపులు తెరవక మునుపే బయలుదేరాము. ఎన్.ఏ.డి. కూడలి, గోపాలపట్నం, సింహాచలం కొండ అడుగు, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక - ఇదీ మా దారి. కళింగ దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో అప్పన్నను సేవించుకొన్నాడు. రాయలవారు వచ్చిన సీమలో మేము రెండు చక్రాల మీద పోతున్నామన్న మాట! యెండాడ వద్ద కుడివైపు తిరిగితే ఋషికొండ. అక్కడినుంచి భీమిలి దాకా ఒక పక్క సముద్రం, మరొక పక్క కొండలు.

మొదటి పరీక్ష తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్లవల్ల దానికా పేరు వచ్చింది. రెండువేల ఏళ్ళ క్రిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. నౌకాదళంవారు విమానాల నుంచి చేసిన సర్వేలో ఈ స్థలం బయటపడింది. ఆ తరువాత 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగి స్తూపము, విహారాలు వెలుగు చూశాయి.

కొండ ఎత్తు సుమారు 128 మీటర్లు. ముందు చిన్న పళ్ళచక్రం, వెనుక పెద్ద పళ్ళచక్రం వేసుకొని మెల్లగా ఎక్కాలి. దారి పొడుగునా నేను ఒక లెక్క వేసుకొన్నాను. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలనుకోండి. అంత బరువును అంత ఎత్తుకు చేర్చే పని 24 కిలో కేలరీలు. శరీరం తిన్నదానిలో ఇంచుమించు నాలుగోవంతును మాత్రమే పెడలు మీద పనిగా మార్చగలదు. కనుక అసలు ఖర్చు నూరుకు దగ్గర. అంటే రెండు ఇడ్లీలు! ఇంత ఆయాసానికి ఇంతేనా అని కుర్రవాడు నమ్మలేదు. పైన కూర్చుని పొట్లం విప్పినప్పుడు ఇద్దరం చెరి ఆరు తిన్నాము.

కొండ దిగి మరికొంత దూరం పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఇంగ్లండులో మూర్లని పిలిచే ఊరూ చెట్టూ లేని మెట్టసీమలకు సైకిలు యాత్రికులు పనిగట్టుకొని పోతారు. మనకు అటువంటి ఏకాంతం ఇక్కడ, సముద్రపుటొడ్డున దొరుకుతుంది. తాటిచెట్లు, జీడిమామిడి తోపులు, వాటి నడుమ కుంకుమ రాశుల వంటి దిబ్బలు, వాన నీరు కోసిన లోతైన గండ్లు.

ఈ ఇసుక ఒకనాడు కనుమల రాయి. ఆ రాయికి ఖోండలైట్ అని పేరు. కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద వచ్చింది. రాయి అరిగి, ఏరుల వెంట సముద్రం చేరింది. హిమయుగంలో సముద్రం వెనక్కు తగ్గినప్పుడు గాలి ఆ ఇసుకను ఒడ్డుకు మోసి పోగుపెట్టింది. ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి ఈ రంగు తెచ్చింది. వేల సంవత్సరాల పని! దక్షిణాసియాలో ఇటువంటివి తమిళనాడులోను, శ్రీలంకలోను మాత్రమే ఉన్నాయని చెబుతారు. 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాకు ఎక్కింది.

దిబ్బ వాలు చూడగానే కుర్రకారుకు సైకిలుతో జారాలని సరదా పుడుతుంది. మావాడు కూడా అంచుదాకా వెళ్ళాడు. కాలి క్రింద అంచు పొడిపొడిగా రాలింది. ఆగి, గుప్పెడు మట్టి తీసి చూచి, సైకిలును మళ్ళీ రోడ్డు పక్కకు నడిపించుకుపోయాడు.

"మాస్టారండీ, ఇంజను పాడైతే నేను బాగుచేస్తాను. దీనికి స్పేరుపార్టులు ఏ షాపులో దొరుకుతాయండీ?" అన్నాడు.

2024లో ఈ దిబ్బల దగ్గరే యంత్రాలతో నేల చదును చేయడం పెద్ద వివాదమైంది. గాలి వేల ఏళ్ళు మోసినదాన్ని యంత్రం ఒక్క పూటలో ఎత్తిపోస్తుంది. రెండు ఇడ్లీల బలంతో ఒక్క కొండ ఎక్కినవానికి కూడా ఆ తేడా బాగా తెలుస్తుంది.

భీమిలిలో డచ్చివారి పాత సమాధులు, 1861లో పురపాలక సంఘం ఏర్పడిన పట్నం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూచి వెనుదిరిగాము. వేసవి మొదలైందంటే తీరం వెంట నైరుతి గాలి వీస్తుంది. పోయేటప్పుడు వీపు తట్టిన ఆ గాలే వచ్చేటప్పుడు రొమ్ము మీద చెయ్యి వేసి ఆపుతుంది. అందుచేత సగం బలం తిరుగు ప్రయాణానికి దాచుకోండి. రెండు సీసాల నీళ్ళు, పంక్చరు సామాను మరవకండి. పిల్లలను తీసుకుపోతే ఋషికొండ నుంచి మొదలుపెట్టండి. దిబ్బల దగ్గర మాత్రం సైకిలును రోడ్డు మీదనే వదిలి, నడిచే బాట తప్పకుండా చూచి రండి. మీ పిల్లలకు ఆ ఎరుపు అలాగే మిగలాలి.