తెర మీద 180, పలక మీద నీళ్ళు కూడా మరగలేదు!
రొట్టెల ప్రెస్సు కొనే రైతులు, సంఘాలు సెట్టింగుల గురించి తెలుసుకోవాల్సిన సంగతులు

జొన్నను బస్తాల లెక్కన యార్డులో అమ్మితే ఒక ధర వస్తుంది. అదే జొన్నను పిండి పట్టించి, రొట్టె చేసి అమ్మితే ఇంకో ధర. ఈ తేడా గమనించే చాలా ఊళ్ళల్లో రైతు కుటుంబాలు, మహిళా సంఘాలవాళ్ళు రొట్టెల ప్రెస్సుల వైపు చూస్తున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక జొన్నరొట్టె పేరు పట్నం హోటళ్ళలో కూడా బాగా వినబడుతోంది.

అంతా బాగానే ఉంది. అయితే యంత్రం కొన్నంత తేలిక కాదు దాన్ని నడపటం. పిండిముద్దను రెండు వేడి పలకల మధ్య పెట్టి నొక్కడమే ఈ ప్రెస్సు చేసే పని. ఎంత వేడిలో నొక్కాలి, ఎన్ని సెకన్లు నొక్కి పట్టాలి, ఎంత మందంలో ఆపాలి అన్నది మాత్రం ముందు భాగంలో ఉన్న చిన్న తెరలో మనం ఇచ్చే అంకెలను బట్టి ఉంటుంది. దాని వెనక కంప్యూటరు ప్రోగ్రాము పనిచేస్తుంది. మనం ఏ అంకె ఇస్తే దాన్నే పాటిస్తుంది. తప్పు అంకె ఇస్తే తప్పునే పాటిస్తుంది. "ఇది తప్పమ్మా" అని చెప్పదు.

ఒక సంఘానికి వచ్చిన కష్టం

కర్నూలు వైపు ఒక ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు కలిసి బ్యాంకు అప్పుతో ప్రెస్సు పెట్టుకున్నారు. రోజూ రెండు హోటళ్ళకు రొట్టెలు పంపేవారు. నెలనెలా కంతు సరిగ్గానే కట్టుకుంటూ వచ్చారు. ఉన్నట్టుండి ఒకరోజు రొట్టెలు చెడటం మొదలైంది. పిండి పలకకు అంటుకుపోతోంది, తీస్తే చిరిగిపోతోంది. పిండి మార్చారు, నీళ్ళు తగ్గించారు, లాభం లేదు. వారం తిరిగేసరికి ఒక హోటలు ఆర్డరు పోయింది. పట్నం నుంచి వచ్చిన మెకానిక్కు చూసి, హీటరు కాలిపోయింది, మార్చాలన్నాడు. ఆయన అడిగిన సొమ్ము వాళ్ళు బ్యాంకుకు కట్టే కంతు కంటే ఎక్కువ.

నేను వెళ్ళేసరికి యంత్రాన్ని అమ్మేద్దామా అని మాట్లాడుకుంటున్నారు. వాళ్ళల్లో పెద్దామె మాత్రం ఒప్పుకోలేదు. "అన్నా, ఆ తెర నూటెనభై అంటాండాది. నేను పలక మీద నీళ్ళు చల్లితే చుయ్‌మని కూడా అనలేదు. నూటెనభై అయితే నీళ్ళు నిలుస్తాయా? పెనం మీద మనం చూడలేదా?" అని అడిగింది.

ఆమె అన్న మాటే నిజమైంది. యంత్రంతో వచ్చిన పుస్తకం తెచ్చి అందరం కలిసి చూశాం. తెర మీద అంకె పక్కన చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. సెంటీగ్రేడు అయితే 'సి', ఫారన్‌హీట్ అయితే 'ఎఫ్'. అక్కడ 'ఎఫ్' కనబడుతోంది. 180 డిగ్రీల ఫారన్‌హీట్ అంటే సెంటీగ్రేడులో 82 డిగ్రీలే. నీళ్ళు మరగాలంటే 100 కావాలి. మరి రొట్టె ఎట్లా కాలుతుంది? తుడిచేటప్పుడు తడిగుడ్డ బొత్తాం మీద నొక్కుకుపోయి సెట్టింగు మారి ఉంటుందని అనుకున్నాం. కొన్ని కంట్రోలర్లలో డిగ్రీల లెక్క మారినా అంకె మాత్రం అట్లాగే ఉండిపోతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

'ఎఫ్'ను మళ్ళీ 'సి' చేయడానికి రెండు నిమిషాలు పట్టింది. హీటరు చక్కగానే ఉంది. పోయిన ఆర్డరు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

తెర మీద ఏముంటాయి?

కంపెనీని బట్టి తెర మారుతుంది గానీ ముఖ్యమైన సంగతులు దాదాపు ఒకటే.

వేడి: రెండు అంకెలు కనబడతాయి. ఒకటి పలక ఇప్పుడున్న వేడి. దీన్ని చాలా కంట్రోలర్ల మీద 'పీవీ' అని రాస్తారు. రెండోది మనం పెట్టిన వేడి, దీన్ని 'ఎస్‌వీ' అంటారు. పై పలకకు, కింది పలకకు విడివిడిగా ఉండొచ్చు. రెండు అంకెలు దగ్గరకొచ్చి కాసేపు నిలబడేదాకా పిండి పెట్టవద్దు. పలక బరువైనది కాబట్టి వేడి మొదట పైకి పోయి, తర్వాత సర్దుకుంటుంది.

సమయం: పలకలు మూసుకున్నాక ఎన్ని సెకన్లు పట్టి ఉంచాలన్నది ఇది. అర సెకను తేడా కూడా రొట్టెలో కనబడుతుంది.

మందం: పలకల మధ్య సందు ఎంత ఉండాలో మిల్లీమీటర్లలో ఉంటుంది. కొన్ని యంత్రాల్లో ఇది తెర మీద కాకుండా మర తిప్పి సరిచేసుకునే విధంగా ఉంటుంది.

రకం నంబరు: చపాతీకి ఒకటి, జొన్నరొట్టెకు ఒకటి, ఇట్లా సెట్టింగులను నంబర్ల కింద దాచుకోవచ్చు. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు ఏ నంబరు మీద ఉందో చూసుకోవాలి.

లెక్క: ఎన్నిసార్లు నొక్కిందో చెబుతుంది. ఇది నొక్కిన లెక్కే గానీ మంచి రొట్టెల లెక్క కాదు. చిరిగినవి మీరే తీసేసి లెక్కపెట్టుకోవాలి.

గోధుమ అంకె జొన్నకు పనికిరాదు

చాలామంది ఇక్కడే తప్పు చేస్తున్నారు. ప్రెస్సులు ఎక్కువగా చపాతీ, పిజ్జా పిండిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. గోధుమలో గ్లూటెన్ అనే బంక ఉంటుంది. నొక్కితే సాగి, వదిలితే వెనక్కి ముడుచుకుంటుంది. వేడి పలక తగిలితే పైన సన్నని పొర కట్టి ఆ ముడత ఆగుతుంది.

జొన్నలో ఆ బంక లేదు. అందుకే మన ఆడవాళ్ళు ఎసట్లో పిండి పోసి కలుపుతారు. మరిగే నీళ్ళకు పిండిలోని గంజి ఉడికి, జిగురు వస్తుంది. ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. పలక అతివేడిగా ఉంటే పైతడి చప్పున ఆరిపోయి అంచులు పగులుతాయి. ఒక్కసారిగా ధబాలున నొక్కినా పగుళ్ళే. కాబట్టి జొన్నకు చపాతీ కంటే వేడి తగ్గించి, నెమ్మదిగా నొక్కించి, మందం కొద్దిగా పెంచి మొదలుపెట్టండి. తర్వాత మీ పిండిని బట్టి సరిచేసుకోండి. పాతబడిన పిండికి, ఆ పూట పట్టించిన పిండికి కూడా తేడా ఉంటుంది.

ఒకసారి ఒక్క అంకే మార్చాలి

రొట్టె చెడగానే వేడి, సమయం, మందం మూడూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు. పురుగు పడిందని మూడు మందులు కలిపి కొట్టినట్టు ఉంటుంది వ్యవహారం.

ముందుగా ఉండలను తూకం వేసి ఒకే బరువులో చేయండి. ఉండ బరువు మారితే ఏ సెట్టింగూ నిలబడదు. తర్వాత కంపెనీ పుస్తకంలోని అంకెతో మొదలుపెట్టి ఐదు రొట్టెలు చేయండి. వేడిని 5 డిగ్రీలు గానీ, సమయాన్ని అర సెకను గానీ మార్చి ఇంకో ఐదు చేయండి. తేదీ, పిండి రకం, ఉండ బరువు, వేడి, సమయం, మందం, ఐదింటిలో ఎన్ని బాగొచ్చాయి అన్నది నోటుబుక్కులో రాసుకోండి. కుదిరిన అంకెలను పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి యంత్రం పక్కన గోడకు తగిలించండి. అక్షరం 'సి' అని కూడా రాయండి. ఎవరైనా పొరపాటున మార్చినా గోడ చూసి సరిచేసుకోవచ్చు.

చెడితే ఏం చూడాలి?

చపాతీ ముడుచుకుపోతుంటే పిండిని ఇంకో 20 నిమిషాలు నాననివ్వండి. అప్పటికీ ముడుచుకుంటేనే సమయం అర సెకను పెంచండి.

జొన్నరొట్టె అంచులు పగులుతుంటే ముందు ఎసరు, పిండి కలిపిన తీరు చూడండి. అవి బాగుంటే నొక్కే వేగం తగ్గించండి. ఆ తర్వాతే వేడి జోలికి పోండి.

పలకకు అంటుకుంటుంటే పిండిలో తడి ఎక్కువైనా అయ్యుండాలి, పలక చాలినంత వేడెక్కకపోయినా అయ్యుండాలి.

ఒకపక్క మందం, ఒకపక్క పలుచన అయితే ఉండను నడిమధ్య పెడుతున్నారో లేదో చూసుకోండి. సరిగ్గానే పెడుతుంటే పలక ఒరిగి ఉంటుంది. దానికి అంకెలు మార్చి లాభం లేదు, మెకానిక్కు రావాల్సిందే.

తెర తక్కువ వేడి చూపిస్తూ పలక మాత్రం పొగలు కక్కుతుంటే వెంటనే మెయిను ఆపేయండి. వేడిని కొలిచే సెన్సరు తీగ దాని గుంతలోంచి బయటికి వచ్చిందంటే ఇట్లా జరుగుతుంది. పలక చల్లగా ఉందనుకుని హీటరు కాలుతూనే ఉంటుంది. ఇది ప్రమాదం.

నెలకోసారైనా తెర చెప్పే వేడిని వేరే థర్మామీటరుతో సరిచూడండి. పలకకు తాకించి చూసేదైతే మంచిది. దూరం నుంచి తుపాకీలా పట్టుకునే థర్మామీటరు, మెరిసే లోహం మీద అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఏదీ లేనప్పుడు పెద్దామె చేసినట్టు నాలుగు నీటి చుక్కలు చల్లినా నీళ్ళు మరిగే వేడి దాటిందో లేదో తెలిసిపోతుంది.

కంట్రోలరులో 'ఆటో ట్యూన్' అని ఒకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే పలక వేడెక్కే, చల్లారే తీరును కంట్రోలరు తానే కొలుచుకుని సర్దుకుంటుంది. హీటరు గానీ సెన్సరు గానీ మార్చినప్పుడు ఇది చేయించండి. అది జరుగుతున్నంతసేపూ పిండి పెట్టవద్దు.

డబ్బు కట్టేముందే అడగండి

యంత్రం అమ్మేవాళ్ళను ఈ నాలుగు సంగతులు నిలదీసి అడగండి.

ఒకటి, సెట్టింగుల పాస్‌వర్డు మాకు ఇస్తారా? ఇది వాళ్ళ దగ్గరే ఉంటే ప్రతి చిన్న మార్పుకూ మనిషిని పిలిపించాలి, వచ్చినప్పుడల్లా చార్జీ కట్టాలి. పాస్‌వర్డు సంఘంలో ఇద్దరికి తెలిసి ఉండాలి.

రెండు, మొదటిరోజు పెట్టిన సెట్టింగులన్నీ కాగితం మీద రాసిస్తారా?

మూడు, తెర మీద వచ్చే తప్పుల కోడ్లకు అర్థాలు తెలుగులో ఇస్తారా?

నాలుగు, మేం తెచ్చిన పిండితో, మా చేత చేయించి చూపిస్తారా? వాళ్ళ గోధుమపిండితో వాళ్ళ మనిషి చేసిన చపాతీ చూసి సంతకం పెట్టవద్దు.

చేతులు జాగ్రత్త

రెండు బొత్తాలు రెండు చేతులతో నొక్కితేనే పలక దిగే యంత్రాలు ఉన్నాయి. చెయ్యి పలకల మధ్య ఉండకూడదనే ఆ ఏర్పాటు. పని తొందరని ఒక బొత్తానికి టేపు చుట్టవద్దు. ఎర్ర బొత్తాం నొక్కితే యంత్రం ఆగుతోందో లేదో రోజూ పొద్దున్నే ఒకసారి చూడండి. కరెంటు పోతే మెయిను ఆపాలి, లేదంటే వచ్చినప్పుడు యంత్రం ఎట్లా కదులుతుందో చెప్పలేం. మెయిను ఆపి, పలక చల్లారాకే తుడవాలి. తెర మీద తడిగుడ్డ పెట్టవద్దు. ఎర్తింగు సరిగా ఉండాలి. వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉండే ఊరైతే లోడుకు తగ్గ స్టెబిలైజరు వేయించుకోండి. బోరుమోటారుకిచ్చిన వ్యవసాయ కనెక్షను మీద ఈ యంత్రం నడపకూడదు.

సాయం ఎక్కడ?

చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం 2020లో పీఎంఎఫ్‌ఎంఈ పథకం తెచ్చింది. బ్యాంకు అప్పుతో పెట్టే యూనిట్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రాయితీ ఇచ్చేలా దాన్ని రూపొందించారు. ఇప్పటి నిబంధనలు ఏమిటో జిల్లా అధికారులను అడిగి, కాగితం చూసుకున్నాకే అడ్వాన్సు కట్టండి. చిరుధాన్యాల వంటకాలపై సలహాలకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. రొట్టెలు అమ్మాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి.

ఆ సంఘం యంత్రాన్ని అమ్మలేదు. గోడకు అట్ట తగిలించారు. దాని మీద వేడి, సమయం, మందం, కింద పెద్దగా 'సి' అక్షరం. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు పెద్దామె ఇప్పటికీ నాలుగు నీటి చుక్కలు చల్లి చూస్తుంది. మీరూ అట్లాగే చేయండి. తెర చెప్పింది వినండి, పలకను కూడా ఒకసారి అడగండి.