పాత నాటకానికి కొత్త చందాలు

శ్రీరామనవమికి పందిరి వెయ్యాలన్నా, వీధినాటకం ఆడించాలన్నా మన దగ్గర ముందు బయటికొచ్చేది చందా పుస్తకమే కదండీ. మొదటి పేరు ఎవరిది రాయాలి, నూటపదహార్లు ఎవరిస్తారు, "మా ఆయన ఇంట్లో లేరు, తర్వాత రండి" అని ఎవరంటారు, ఇవన్నీ మనకి కొట్టినపిండే. ఇంగ్లండులో కూడా ఆరువందల ఏళ్ళనాటి నాటకాల కోసం జనం ఇలాగే డబ్బు పోగుచేస్తారు. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది.

ఇంగ్లండు పటంలో ఎడమవైపు అడుగున, సముద్రంలోకి కాలు చాపినట్టుండే ప్రాంతం కార్న్‌వాల్. వాళ్ళకి కార్నిష్ అని సొంత భాష ఉంది. అది వేల్స్ వాళ్ళ భాషకి దగ్గర చుట్టం. 1300ల చివర్లో ఆ భాషలో రాసిన మూడు నాటకాల్ని కలిపి 'ఆర్డినాలియా' అంటారు. సృష్టి మొదలుకొని ఏసు శిలువ ఎక్కడం, తిరిగి లేవడం దాకా రోజుకొకటి చొప్పున మూడు రోజుల ఆట. గుండ్రంగా కట్ట పోసిన మైదానంలో ఆడేవారు. జనం చుట్టూ కట్టమీద కూర్చునేవారు. సెయింట్ జస్ట్ అనే చిన్న ఊళ్ళో అలాంటి మైదానం ఇప్పటికీ ఊరి నడిమధ్యే ఉంది.

కథ కూడా భలేగా ఉంటుంది. ఆదాము చావుబతుకుల్లో ఉంటే కొడుకు షేతు ఏదెను తోట గుమ్మం దాకా వెళ్ళి మూడు గింజలు తెస్తాడు. వాటిని తండ్రి నోట్లో పెట్టి పాతిపెడతారు. అవి మొలిచి, తరాలు గడిచాక, ఆ కర్రే ఏసుకి శిలువ అవుతుంది. మేకులు చెయ్యమంటే కమ్మరి తన చేతులకి పుళ్ళంటాడు. అప్పుడు వాడి పెళ్ళాం నేను చేస్తానంటూ కొలిమి దగ్గరికి వస్తుంది. పాడుపనికి ఆడదాన్ని ముందుకి తోశాడు చూశారా, ఆ రాసినాయన!

1549లో చర్చిల్లో ఇంగ్లీషు ప్రార్థనలే చెయ్యాలని హుకుం వచ్చింది. కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు, వేలమంది ప్రాణాలు పోయాయి. భాష మెల్లిగా వెనకబడిపోయింది. 1777లో చనిపోయిన డాలీ పెంట్రీత్ అనే చేపలమ్మే ఆవిడే ఆ భాష పుట్టుకతో వచ్చిన చివరి మనిషని చెప్పుకుంటారు. 1904లో హెన్రీ జెన్నర్ అనే ఆయన దాన్ని నేర్పే పుస్తకం వేశాక మళ్ళీ కొందరు నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఈ నాటకాల్ని 1969లో బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్ళు ఇంగ్లీషులో ఆడారు. సెయింట్ జస్ట్ జనం తమ మైదానంలోనే 2000 తర్వాత కొన్నేళ్ళు ఆడారు. కరోనా వల్ల వాయిదా పడి, మళ్ళీ 2021 సెప్టెంబరులో ఆడారు. ఊరి మనుషులే వేషాలు వేశారు.

మరి డబ్బో? అది తగరం గనుల ఊరు. దగ్గర్లోని గీవర్ గని 1990లో మూతపడింది. అలాంటిచోట ఇల్లిల్లూ తిరిగితే ఎంతని రాలుతుంది? బట్టలు, దీపాలు, మైకులు, ఇన్సూరెన్సు, ఆఖరికి జనానికి మరుగుదొడ్లు, అన్నీ ఖర్చే. అక్కడ ప్రభుత్వ లాటరీ డబ్బులోంచి పాత సంపద కాపాడే పనులకి గ్రాంటు ఇస్తారు. అయితే మీ వంతు ఎంత అని అడుగుతారు. నాకు బాగా నచ్చింది ఇక్కడే. డబ్బులేనివాళ్ళు ఊరికే చేసిన పనిని గంటల్లెక్కన రాసి, ఆ వంతులో చూపించొచ్చట! అంటే కూర్చుని అంగీలు కుట్టిపెట్టిన ఆడవాళ్ళ చాకిరీకీ లెక్కుంటుందన్నమాట. మన పెళ్ళిళ్ళలో వారంరోజులు అరిసెలు వండినవాళ్ళ గంటలు ఎవరైనా రాశారా?

ఇలాంటి ఊరి పనులకి అక్కడ మామూలుగా లాటరీ చీట్లు, పాతబట్టల అమ్మకం, కేకుల దుకాణం పెడతారు. కార్న్‌వాల్ అంటే మరి 'పాస్టీ' ఉండాల్సిందే. మన కజ్జికాయని అరచేయంత చేసి, కొబ్బరి బదులు గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, టర్నిప్ లాంటి దుంప కూరి, అంచు మడతలు పెట్టి ఓవెన్లో కాలుస్తారు. గని పనివాళ్ళకి అదే మధ్యాహ్నం అన్నం. కుంకుమపువ్వు వేసిన బన్నులు కూడా అక్కడివే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు భాషది. అంతా కార్నిష్‌లో ఆడితే అర్థమయ్యేవాళ్ళు కొద్దిమందే, టికెట్లు అమ్ముడుపోవు. అంతా ఇంగ్లీషైతే ఏ భాష కోసం ఇంత పాటుపడ్డారో అదే మిగలదు. సెయింట్ జస్ట్ వాళ్ళు ఎక్కువ ఇంగ్లీషు, మధ్యమధ్య కార్నిష్ అని సర్దుకున్నారు. కొందరికి అది నచ్చకపోవచ్చు. నాకైతే, పిల్లల నోట ఆ భాషలో నాలుగు ముక్కలు పలికినా దండగ కాదనిపిస్తుంది.

రాని మాటలు వల్లెవేయడం వాళ్ళకి కొత్తేం కాదులెండి. 1602లో రిచర్డ్ కేర్యూ అనే ఆయన రాశాడు: వేషగాళ్ళు మాటలు కంఠతా పట్టేవారు కాదట, వెనక ఒకాయన పుస్తకం పట్టుకుని మెల్లిగా అందిస్తుంటే గట్టిగా అనేవారట. ఒక కొంటెవాడు "నీ వంతొచ్చింది, ముందుకెళ్ళు" అంటే అదీ గట్టిగా అన్నాడట. ఆయన కోపంతో తిట్టాడు. వాడు ఆ తిట్లు కూడా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆయన పుస్తకం మూసి వెళ్ళిపోయాడు. నాటకం సగంలో ఆగిపోయినా, జనం మాత్రం కడుపుబ్బ నవ్వుకున్నారట.