ఘాట్ రోడ్డుపై దిగేటప్పుడే అసలు గండం

అరకులోయ: శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు వచ్చే ఘాట్ రోడ్డులో డ్రైవర్లు భయపడేది ఎక్కుడుకే. ఇంజను వేడెక్కుతుందని, బండి మొరాయిస్తుందని వారి బెంగ. నిజానికి ప్రాణాల మీదికి తెచ్చేది దిగుడు. 2021 ఫిబ్రవరి 12న అరకు చూసి తిరిగి వెళుతున్న పర్యాటకుల బస్సు డముకు సమీపంలో లోయలో పడి నలుగురు మరణించారు.

న్యూట్రల్ వద్దు

నూనె మిగులుతుందన్న ఆశతో కొందరు దిగుడులో గేరు తప్పించి బండిని వదిలేస్తారు. మరికొందరు ఇంజనే కట్టేస్తారు. ఈ రెండూ ప్రమాదకరమే. గేరులో ఉన్న ఇంజను చక్రాల వేగాన్ని కొంత పట్టి ఉంచుతుంది. గేరు తప్పిస్తే భారమంతా బ్రేకులదే. మలుపు మలుపుకూ తొక్కగా తొక్కగా అవి కాగిపోయి పట్టు సడలుతాయి. ఇంజను కడితే బ్రేకు పెడల్, స్టీరింగు బిగుసుకుపోతాయి.

పోనీ, పొదుపైనా ఉందా అంటే అదీ లేదు. ఇప్పటి ఇంజన్లలో బండిని గేరులో ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, నూనె సరఫరా దానంతటదే ఆగుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను తిరగడానికి ఖర్చవుతూనే ఉంటుంది. ఎక్కడానికి ఏ గేరు వేశారో దిగడానికీ అదే గేరు వేయాలన్న పాత డ్రైవర్ల సూత్రమే మేలు. దిగేవారు ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది నిబంధన.

బయలుదేరే ముందు

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ వేడికి మరిగి బుడగలు కడితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. అందుకే సుమారు రెండేళ్లకోసారి మార్పించాలి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు పనికిరాదు. కాగిన రేడియేటరు మూత వెంటనే తీయరాదు. మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. టైరు మార్చేటప్పుడు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీని నమ్మి బండి కిందికి దూరరాదు.

ఏ నూనె పోయాలి?

డీజిలు బండిలో పొరపాటున పెట్రోలు పోస్తే ఇంజను స్టార్టు చేయకుండా ట్యాంకు ఖాళీ చేయించాలి. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. పాత కార్లున్నవారు రబ్బరు గొట్టాలను తరచు మెకానిక్కుకు చూపించుకోవాలి. ఇథనాల్ నీటిని ఇట్టే పీల్చుకుంటుంది గనుక వానాకాలంలో డబ్బాల్లో నిల్వ ఉంచరాదు. రోడ్డు పక్క సీసాల్లో అమ్మే పెట్రోలులో ఏం కలిసిందో చెప్పలేం. బంకులో అనుమానం వస్తే ఫిల్టరు కాగితం అడగవచ్చు. దానిపై వేసిన పెట్రోలు చుక్క మరక లేకుండా ఆరిపోవాలి.

సంతకు జీపెక్కే గిరిజనులు, ఊళ్లకు వెళ్లే ప్రయాణికులు కూడా ఈ సంగతులు తెలుసుకోవాలి. దిగుడులో ఇంజను చప్పుడు ఆగిందంటే, డ్రైవరు ఎంత అనుభవజ్ఞుడైనా, గేరు వేయమని గట్టిగా అడగాలి. మొహమాటపడితే ముప్పు బండిలో ఉన్న అందరికీ.