రుణ నివేదికలో మొండి బాకీ: ‘రద్దు’ అన్న మాటకు అర్థమేమిటి?

విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వైపు సాగే జాతీయ రహదారిపై ఆనందపురం కూడలి పూల బజారుకు ప్రసిద్ధి. ఇటువంటి బజార్లలో అప్పు అనేది చాలాకాలం ఇద్దరి మధ్య వ్యవహారంగానే నడిచింది. ఇచ్చినవాడి చిట్టాలో ఒక పద్దు, పుచ్చుకున్నవాడి మనసులో ఒక బరువు, మహా అయితే ఒక ప్రోనోటు. బాకీ ఎందుకు ఆగిందో ఇచ్చినవాడికి తెలుసు. పంట పోయిందా, ఇంట్లో జబ్బు చేసిందా, లేక డబ్బు దగ్గర పెట్టుకొనే తిప్పుతున్నాడా అన్నది ఊరంతటికీ తెలుసు.

నేడు ఆ చిట్టా స్థానంలో మరొకటి వచ్చింది. 2000లో సిబిల్ సంస్థ ఏర్పడింది. 2005లో పార్లమెంటు రుణ సమాచార సంస్థల నియంత్రణ చట్టం చేసింది. ఇప్పుడు సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు బ్యాంకులు పంపే లెక్కలను మనిషి పేరున కూర్చి ఉంచుతున్నాయి. మన రాష్ట్రంలో 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు వచ్చి, వారం వారం జరిగే వసూళ్లు నిలిచిపోయిన తరువాత, డ్వాక్రా మహిళల స్థాయి చిన్న అప్పులు కూడా ఈ లెక్కల్లోకి చేరడం మొదలైంది.

ఈ కొత్త చిట్టాలో ఒక లోపం కలదు. ఎన్ని రోజులు ఆలస్యమైనదో అది చెప్పగలదు గాని, ఎందుకైనదో చెప్పలేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆనందపురం బజారులో ఒక పూల వ్యాపారి పెట్టుబడి కోసం బ్యాంకులో 2 లక్షల రూపాయలు వ్యక్తిగత రుణం తీసుకున్నాడనుకుందాం. ఏడాదిన్నర వాయిదాలు కట్టాడు. తరువాత భార్య ఆపరేషను, ఆపైన వ్యాపారంలో నష్టం. వాయిదాలు ఆగిపోయాయి. నాలుగేళ్లకు కుమార్తె ఇంజనీరింగు చదువుకు రుణం కావలసి, సహరుణగ్రహీతగా సంతకం చేయడానికి వెళ్లాడు. అక్కడ అతని నివేదిక తెరిచి చూస్తే పాత ఖాతా ఎదుట ‘రిటెన్ ఆఫ్’ అని ఉన్నది. “బ్యాంకే కొట్టివేసింది కదా, ఇంకా బాకీ ఎక్కడిది?” అన్నది అతని ప్రశ్న. ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు.

జరిగిన క్రమం ఇది. వాయిదా తప్పిన నాటినుండి నివేదికలో రోజుల లెక్క మొదలవుతుంది: 30, 60, 90. 90 రోజులు దాటితే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. మరి 12 నెలలు అదే స్థితిలో ఉంటే సందేహాస్పద ఖాతా అవుతుంది. చివరకు బ్యాంకు తన ఆస్తుల పట్టికను శుభ్రపరచుకోవడానికి ఆ మొత్తాన్ని లెక్కలలోనుండి తీసివేస్తుంది. ఇది బ్యాంకు తన పుస్తకంలో తనకోసం చేసుకొన్న సర్దుబాటు మాత్రమే. రుణగ్రస్తునిపై దానికున్న హక్కు చెక్కుచెదరదు. వసూలు ప్రయత్నమూ, దావా వేసే అధికారమూ అట్లే ఉంటాయి.

ఫిఖ్‌హ్ పరిభాష తెలిసిన పాఠకునికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. రుణదాత తన హక్కును వదులుకొన్నానని రుణగ్రస్తునికి స్పష్టంగా చెప్పడాన్ని ‘ఇబ్రా’ అంటారు. దానితో బాధ్యత తీరిపోతుంది. బ్యాంకు చేసే రద్దు ఇబ్రా కాదు. అది రుణగ్రస్తునితో చెప్పిన మాటే కాదు.

మరొక పదం ‘సెటిల్డ్’. బాకీలో కొంత పుచ్చుకొని తక్కినది వదలివేయడానికి బ్యాంకు ఒప్పుకొంటే ఈ మాట పడుతుంది. ఇది ఫిఖ్‌హ్‌లోని ‘సుల్‌హ్’కు దగ్గర. ఉభయుల మధ్య రాజీ కుదిరి, తక్కిన హక్కు రద్దవుతుంది. అయితే షరీఅత్‌లో రాజీ అయిన బాకీ తీరిన బాకీయే. నివేదికలో మాత్రం అది మచ్చగానే నిలుస్తుంది, తరువాతి బ్యాంకు దాన్ని సగం చెల్లింపుగానే చదువుతుంది. రాజీ చేసుకొన్న వ్యక్తికి అదే సంస్థ కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వరాదని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. వ్యవసాయ రుణాలకు ఈ 12 నెలల నియమం లేదు. పూర్తిగా చెల్లించినవారికి దక్కేది ‘క్లోజ్డ్’ అన్న మాట. మొత్తం కట్టగల శక్తి ఉన్నవాడు రాయితీకి ఆశపడి రాజీకి పోవడం, ఈ దృష్టితో చూస్తే, లాభసాటి బేరం కాదు. శక్తి లేనివానికి రాజీయే మార్గం. అందులో సిగ్గుపడవలసినది లేదు.

శక్తి ఉన్నవాడు, లేనివాడు అన్న ఈ విభజన కొత్తది కాదు. దివ్యఖుర్‌ఆన్ రెండవ సూరాలోని 280వ ఆయతు ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువునివ్వమంటుంది. వదలివేయడం అంతకన్నా మేలని చెబుతుంది. మరోవైపు, స్తోమత ఉండి జాప్యం చేసేవాని విషయంలో అతని పరువు గురించి మాట్లాడటం, అతన్ని శిక్షించడం ధర్మసమ్మతమవుతాయన్న భావంగల హదీసును అబూ దావూద్ ఉల్లేఖించారు. ఇక్కడ పరువు గురించి మాట్లాడటమంటే ‘ఇతడు నా బాకీ తిప్పుతున్నాడు’ అని రుణదాత బయట చెప్పుకోవడమని సుఫ్యాన్ (రహ్మ) వివరించారు. అనగా ఆ అనుమతి స్తోమత గలవాని విషయంలోనే. నేటి రుణ నివేదిక కూడా ఒక విధంగా రుణదాత బయట చెప్పుకొనే మాటే. కాని అది ఉభయులనూ ఒకే గాటన కట్టివేస్తుంది. 2024లో విశాఖ ఉక్కు కర్మాగారంలో జీతాలు విడతలుగా, ఆలస్యంగా అందిన నెలలలో వాయిదా తప్పిన కార్మికుని గడిలోనూ, కావాలని ఎగవేసినవాని గడిలోనూ పడే అంకె ఒక్కటే.

కారణాన్ని నివేదిక నమోదు చేయదు గనుక, ఆ పని రుణగ్రస్తుడే చేయాలి. జీతం ఆగిన పత్రం, ఆసుపత్రి బిల్లులు, నష్టపు లెక్క జతచేసి, 90 రోజులు దాటకముందే బ్యాంకుకు లిఖితపూర్వకంగా గడువు పొడిగింపు కోరడం ఉత్తమం. ఫోనులో చెప్పిన మాట ఎక్కడా నిలవదు. రెండవ సూరాలోనే 282వ ఆయతు అప్పును వ్రాసుకోమన్నది. గడువును వ్రాసుకోవడం కూడా దానిలో భాగమే కదా!

సమయం దాటిపోయిన పూల వ్యాపారి వంటివారు మొదట నివేదిక తెప్పించుకోవాలి. 2017 జనవరి 1 నుండి ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వవలసి ఉన్నది. నాలుగింటినీ చూడాలి, ఏలననగా ఒకదానిలో లేని తప్పు మరొకదానిలో ఉండవచ్చు. తమది కాని ఖాతా, కట్టినా కట్టనట్లున్న పద్దు, ఎవరికో హామీ ఉన్నందున చేరిన బాకీ, ఇవి తరచు కనిపిస్తాయి. హామీదారు విషయంలో కోర్టు చట్టమూ, ఫిఖ్‌హ్‌లోని ‘కఫాలా’ నియమమూ దాదాపు ఒక్కటే: రుణదాత అసలు రుణగ్రస్తుణ్ణయినా, హామీదారునయినా అడగవచ్చు.

తప్పు కనిపిస్తే బ్యాంకుకుగాని, సమాచార సంస్థకుగాని ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుండి సమాచార సంస్థలపై కూడా ఆయనకు ఫిర్యాదు చేయవచ్చు. నిజమైన బాకీని మాత్రం ఎవరూ తుడిచివేయలేరు. ‘సిబిల్ శుభ్రం చేస్తాం’ అని రుసుము పుచ్చుకొనే దళారులు చేయగలిగినది ఈ ఉచిత ఫిర్యాదు తప్ప మరొకటి లేదు.

బాకీ నిజమైనదైతే బేరానికి కూర్చోవాలి. 2024 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం జరిమానాను వడ్డీ రూపంలో వేసి, దానిపై మళ్లీ వడ్డీ కట్టడం చెల్లదు. కనుక మొత్తం ఎలా పెరిగిందో వివరణ పట్టిక అడగడం రుణగ్రస్తుని హక్కు. ‘అసలు కట్టాను, వడ్డీ హరామ్ గనుక ఇక ఇవ్వను’ అని ఊరుకొనేవారు కొందరున్నారు. వడ్డీ పట్ల వారి అయిష్టం సరైనదే గాని, సంతకం చేసిన ఒప్పందం మౌనంతో రద్దు కాదు, నివేదికలో రోజుల లెక్కా ఆగదు. ఆ మాటను రాజీ చర్చలో, వడ్డీ మినహాయింపు కోరుతూ చెప్పడమే ప్రయోజనకరం. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. చర్చల కాలంలో వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదు, బంధువుల ఎదుట అవమానించరాదు.

మూడేళ్ల కాలపరిమితి గురించి ఒక మాట. 1963 నాటి చట్టం ప్రకారం ఆ గడువు దాటితే బ్యాంకు సాధారణంగా దావా వేయలేదు. గడువు లోపల సంతకంతో బాకీ ఒప్పుకొన్నా, కొంత కట్టి దానిని వ్రాతపూర్వకంగా నమోదు చేసినా లెక్క మళ్లీ మొదలవుతుంది. అయితే దావా హక్కు పోయినంత మాత్రాన బాకీ పోదు. ఉస్మానియా సామ్రాజ్యపు ‘మజల్లా’ కూడా కాలం గడిచినంత మాత్రాన హక్కు నశించదనే చెప్పింది. సమాచార సంస్థలు వివరాలను కనీసం 7 సంవత్సరాలు భద్రపరచాలి గనుక, నివేదికలోని పద్దు దావా గడువుకన్నా ఎక్కువకాలం బ్రతుకుతుంది.

కట్టడానికి నిజంగా ఏమీ లేనివారి విషయంలో సమాజానికి బాధ్యత ఉన్నది. తొమ్మిదవ సూరా 60వ ఆయతు జకాత్ పొందదగినవారిలో రుణగ్రస్తులను పేర్కొన్నది. స్థానిక జకాత్ నిధులు పెళ్లిళ్లకు, వైద్యానికి ఇచ్చినంతగా ఈ పద్దుకు ఇవ్వడం కనిపించదు. దరఖాస్తుదారు రుణ నివేదికను, బ్యాంకు రాజీ పత్రాన్ని అడిగి చూస్తే అవసరం ఎంతో కచ్చితంగా తెలుస్తుంది.

పూల వ్యాపారి రాజీ సొమ్ము కట్టేముందు, ఎంత కడితే ఏ మాట నివేదికలో పడుతుందో బ్యాంకుచేత వ్రాయించుకోవాలి. కట్టిన తరువాత బాకీ లేదన్న పత్రం తీసుకొని, నెలన్నర గడిచాక నివేదిక మళ్లీ తెప్పించాలి. ‘రిటెన్ ఆఫ్’ అన్న చోట ఇంకా అదే మాట ఉంటే, ఆ పత్రం నకలుతో ఫిర్యాదు పంపాలి. కుమార్తె రుణ దరఖాస్తుకు అదే పత్రాన్ని, ఆనాటి ఆసుపత్రి కాగితాలతో కలిపి జతచేయాలి. దరఖాస్తు చూసే మేనేజరుకు అంకె వెనుక ఉన్న కారణం తెలిసేది ఆ కాగితాల ద్వారానే.